ఇంటి ఆరోగ్యం: పళ్ళకు క్లిప్పులు, చిగుళ్ళకు కాపలా

ఛాంపియన్ రీఫ్స్ నుంచి ఒక తల్లి వ్రాస్తున్నారు: "మా అమ్మాయికి 14 ఏళ్ళు. ఎత్తుపళ్ళని నాలుగు నెలల క్రిందట క్లిప్పులు పెట్టించాము. డబ్బు వాయిదాల మీద కడుతున్నాము. ఇప్పుడు చిగుళ్ళు వాచి, బ్రష్ తగిలితే చాలు నెత్తురు వస్తున్నది. నెత్తురుకు భయపడి పిల్ల పళ్ళు తోమడమే మానింది. అంగిట్లో, బుగ్గల లోపల తెల్లని మచ్చలు కనిపిస్తున్నవి. వేడి చేసిందని మా అత్తగారు మజ్జిగ, సబ్జా గింజలు ఇస్తున్నారు. మందుల షాపులో చెబితే ఏవో క్యాప్సూళ్ళు ఇచ్చారు. క్లిప్పులు తీయించెయ్యమని ఇరుగుపొరుగుల సలహా. ఏం చెయ్యమంటారు?"

సోదరీ, ముందు జవాబు చెప్పి, తరువాత కారణాలు చెబుతాను. క్లిప్పులు మీ అంతట మీరు తీయించవద్దు. పళ్ళు తోమడం ఒక్క పూట కూడా మాన్పించవద్దు. డాక్టరు వ్రాయని క్యాప్సూళ్ళు ఇవ్వవద్దు. ఈ వారంలోనే అమ్మాయిని క్లిప్పులు పెట్టిన డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్ళి, నోరు పూర్తిగా తెరిపించి ఆ తెల్లమచ్చలు చూపించండి. మజ్జిగ సంగతంటారా, మంచిదే, పిల్లను తాగనివ్వండి. అయితే ఇది వేడి చేసిన నోరు కాదు, శుభ్రము తప్పిన నోరు.

ఈ రోజుల్లో మన ఊళ్ళలో క్లిప్పులు పెట్టించుకొనే పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు. పిల్లలే కాదు, ఉద్యోగంలో చేరి మొదటి జీతాలు చేతికి రాగానే పెట్టించుకొనే యువకులూ, యువతులూ ఉన్నారు. కనుక ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదనుకొని కొంచెం వివరంగానే చెప్పుకొందాము.

పళ్ళు సరిచెయ్యడం కొత్త విద్య కాదు. ఫ్రాన్సులో పియర్ ఫోషార్ అనే దంతవైద్యుడు 1728లోనే తన గ్రంథంలో లోహపు పట్టీకి పళ్ళను దారంతో కట్టి వరుసలోకి తెచ్చే ఉపాయం వ్రాశాడు. అమెరికాలో ఎడ్వర్డ్ యాంగిల్ ఈ విద్యను ఒక శాస్త్రంగా నిలబెట్టాడు. 1928లో ఆయన ప్రకటించిన పద్ధతిలో వాడిన తీగ ఏమిటో తెలుసునా? బంగారపు మిశ్రమము! స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చిన తరువాతనే బంగారం మెల్లగా వెనక్కు తగ్గింది. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు పని మొదలుపెట్టిన నాటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా బంగారం తవ్విన ఊరు మనది. మనవాళ్ళకు ఈ సంగతి చెబితే సరదాగా ఉంటుంది. అయితే బంగారమైతేనేమి, ఉక్కయితేనేమి, తీగ క్రింద చిక్కిన మెతుకు మెతుకే. దానికి లోహపు విలువ తెలియదు.

పూర్వం ప్రతి పంటికీ చుట్టూ లోహపు పట్టీ తొడిగేవారు. దాని అంచు చిగురు దాకా, ఒక్కొక్కసారి చిగురు క్రిందికి కూడా దిగి ఒరుసుకొనేది. 1955లో బ్యూనోకోర్ అనే అమెరికను దంతవైద్యుడు పంటి పైపొరను ఆమ్లంతో కొంచెం గరుకు చేస్తే జిగురు గట్టిగా పట్టుకొంటుందని చూపించాడు. ఆ దారినే 1960ల నుంచి చిన్న చిన్న బ్రాకెట్లను నేరుగా పంటి మీద అతికించడం మొదలైంది. చిగుళ్ళకు ఇది పెద్ద మేలు. దవడ పళ్ళకు మాత్రము పట్టీలు ఇప్పటికీ చాలామందికి వేస్తారు. క్లిప్పులు పెట్టుకొన్నవారికి మొదట వాచేది సాధారణంగా ఆ దవడ పళ్ళ చిగురే, ఎందుకంటే బ్రష్ చివరిదాకా పోదు.

ఇక అసలు సంగతి. చిగురు వాచడానికి కారణము తీగ కాదు, పాచి. పంటి మీద వేలితో గీరితే వచ్చే ఆ మెత్తని పూత కోట్లాది సూక్ష్మజీవుల కాపురము. దాన్ని తుడిచివేయకపోతే చిగురు ఎర్రబడుతుంది, వాస్తుంది, నెత్తురు కారుతుంది. ఇది ఊహగా చెప్పే మాట కాదు. డెన్మార్కులోని ఆర్హస్‌లో హరాల్డ్ లో అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1965లో ఒక ప్రయోగం ప్రకటించారు. మంచి చిగుళ్ళు గల 12 మంది చేత పళ్ళు తోమడం మాన్పించారు. 10 రోజులు మొదలు 21 రోజుల లోపల అందరికీ చిగుళ్ళు వాచినవి. మళ్ళీ తోమడం మొదలుపెట్టించగా, సుమారు వారం రోజుల్లో చిగుళ్ళు మామూలు స్థితికి వచ్చినవి. వారి నోట్లో క్లిప్పులు లేవు, తీగ లేదు. ఉన్నది పాచి మాత్రమే.

తల్లులు ఈ ప్రయోగాన్ని గుర్తు పెట్టుకోవాలి. నెత్తురు వస్తున్నదని తోమడం మానితే చిగురుకు విశ్రాంతి ఇచ్చినట్లు కాదు, పాచికి సెలవులిచ్చినట్లు. రోజూ శుభ్రంగా, మెత్తగా తోముతూపోతే నెత్తురు రావడమే ఆగిపోతుంది. మొదటి మూడు నాలుగు రోజులు ఓర్చుకోవాలి, అంతే. వారం పది రోజులు సరిగా తోమినా నెత్తురు ఆగకపోతే డాక్టరు చూడవలసిందే.

మరి క్లిప్పుల వంతు ఏమీ లేదా అంటే, ఉన్నది. ఖాళీ గదిని ఊడవడం సులభము, సామాను నిండిన గదిని ఊడవడం కష్టము. బ్రాకెట్లు, తీగ, రబ్బరు వలయాలు నోట్లో సామాను. నాలుక, పెదవులు, లాలాజలము తమంతట తాము చేసే శుభ్రము ఆ మూలలకు చేరదు. అందుకే మామూలు పిల్ల తోమినట్లే తోమితే క్లిప్పుల పిల్లకు చాలదు. చిగుళ్ళతో పాటు పళ్ళకూ నష్టమే. పాచి అలాగే వదిలితే బ్రాకెట్ చుట్టూ నాలుగు వారాల్లోనే సున్నపు చుక్కవంటి తెల్లమచ్చ తేలవచ్చును. అది పుప్పి పన్నుకు మొదటి మెట్టు. రెండేళ్ళు డబ్బు పోసి వరుస తెచ్చుకొని, క్లిప్పులు తీసిన రోజున మచ్చల పళ్ళు చూసుకోవడం ఎంత దుఃఖము!

ఇక జాబులో చెప్పిన తెల్లని మచ్చలు. మన నోట్లో బాక్టీరియాలతోపాటు ఒక జాతి ఈస్టు కూడా ఉంటుంది. రొట్టె పొంగించే ఈస్టుకు ఇది దూరపు బంధువు. పేరు కాండిడా. ఆరోగ్యంగా ఉన్నవారిలోనే సుమారు మూడోవంతు మొదలు సగం మంది నోళ్ళలో ఇది కాపురముంటుంది. ఎవరినీ ఏమీ అనదు. దొంగలాగా బయటినుంచి వచ్చి పడినది కాదు, అద్దెకున్న మనిషి వంటిది. ఇల్లు చక్కగా ఉన్నంతకాలము దాని గదిలో అది ఉంటుంది. ఇంటి యజమాని ఏమరితే వసారా, వంటిల్లు అన్నీ ఆక్రమిస్తుంది.

క్లిప్పులు పెట్టిన తరువాత కొన్ని నెలల్లో ఈ ఈస్టు ఉన్నవారి సంఖ్య, దాని రాశి రెండూ పెరుగుతున్నవని అనేక దేశాల దంతవైద్యులు గమనించారు. తీసి పెట్టుకొనే ప్లేట్లను గురించి ఆరెండార్ఫ్, ఆడీ అనే ఇద్దరు 1985లో ప్రకటించిన పరిశీలనలో, ప్లేటు వాడిన కాలంలో ఈస్టు పెరిగింది, వాడకం ముగిసిన తరువాత మళ్ళీ మొదటి స్థితికి దిగింది. ఇందులో భయానికీ, ధైర్యానికీ రెండింటికీ చోటున్నది. పెరుగుతుంది గనుక జాగ్రత్తపడాలి, దిగిపోతుంది గనుక బెంబేలు పడనక్కరలేదు. ఆరోగ్యవంతుడైన పిల్లవాడికి ఈస్టు పెరిగినంత మాత్రాన జబ్బు చెయ్యడం అరుదు.

ఎవరికి జబ్బు చేస్తుంది? నోరు శుభ్రము లేనివారికి మొదట. ఉబ్బసానికి స్టీరాయిడు మందు పీల్చేవారికి, అందుకే పీల్చిన ప్రతిసారి నీళ్ళు పుక్కిలించి ఉమ్మివేయమంటారు. చక్కెరవ్యాధి అదుపులో లేనివారికి. నెత్తురు తక్కువై పాలిపోయినవారికి. ఇక చివరిది, మన ఇళ్ళలో ఎక్కువగా జరిగేది, యాంటీబయాటిక్ మందులు ఇష్టానుసారము మింగినవారికి. ఈ మందులు బాక్టీరియాను చంపుతాయి, ఈస్టును ముట్టవు. ఒకే ఇంట్లో ఇద్దరు పోటీదారులుండగా ఒకరిని వెళ్ళగొడితే రెండోవారికి ఇల్లంతా ఖాళీ అవుతుంది. చిగురు వాచిందని షాపులో అడిగి తెచ్చిన క్యాప్సూళ్ళు వేసుకొంటే, వాపు రెండు రోజులు తగ్గినట్లు కనిపించి, పాచి అలాగే ఉండి, పైగా ఈస్టు పెరిగి, ఒక జబ్బు రెండు జబ్బులౌతుంది. ఈస్టుకు వేరే మందులున్నవి. నిస్టాటిన్, క్లోట్రిమజోల్ వంటివి. ఏది, ఎన్ని రోజులు అన్నది డాక్టరు చూసి చెప్పాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. తెల్లగా కనిపించిన ప్రతిదీ ఈస్టు కాదు. ప్రొద్దున లేవగానే నాలుక మీద ఉండే పలుచని పూత చాలామందికి ఉంటుంది, నాలుక గీసుకొంటే పోతుంది. పెరుగు తరకల్లాగా ఉండి, తుడిస్తే ఊడివచ్చి క్రింద ఎర్రగా కనిపించే మచ్చలు, నోటి మూలలు పగలడం, అంగిట్లో ప్లేటు ఆకారంలోనే ఎర్రబారడం, కారం తగలకపోయినా మంట, ఇవి చూస్తే ఆలస్యం చెయ్యవద్దు. చిగురు పెరిగి బ్రాకెట్ మీదికి వచ్చినా అంతే. మూర్ఛకు మందు వాడే పిల్లలైతే ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి, ఆ మందుల్లో ఫెనిటాయిన్ అనేదానికి చిగురు పెంచే గుణమున్నది. గిల్టు కమ్మలు పెట్టుకొంటే చెవులు దురద పెట్టే ఆడపిల్లలైతే అదీ చెప్పాలి. ఆ దురదకు కారణము తరచుగా నికెల్, క్లిప్పుల తీగలోనూ నికెల్ ఉంటుంది. యుక్తవయస్సు వచ్చే రోజుల్లో శరీరంలోని మార్పుల వలన చిగుళ్ళు కొంచెం పాచికే ఎక్కువ వాస్తాయి. సరిగ్గా ఆ వయసులోనే మనవాళ్ళు క్లిప్పులు పెట్టిస్తారు. కనుక ఆడపిల్లను, మగపిల్లవాణ్ణి, "నువ్వు సరిగా తోమవు" అని తిట్టి ఊరుకోక, దగ్గర నిలబడి నేర్పాలి.

మన కోలారు జిల్లావారికి మరొక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది, నీరు. గనుల కాలంలో మన ఊరికి బేతమంగళం చెరువు నీరు కొళాయిల్లో వచ్చేది. చెరువు నీటిలో సాధారణంగా ఫ్లోరైడు తక్కువ. లోతైన బోరుబావుల నీటి సంగతి అలా కాదు, మన జిల్లాలో చాలాచోట్ల అందులో ఫ్లోరైడు మితిమీరి ఉన్నది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఈ వ్యాధి మన తెలుగువారికి కొత్త కాదు. దీనిని మన దేశంలో మొదట శాస్త్రీయంగా వర్ణించినది 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. పళ్ళు తయారయ్యే చిన్న వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపల, ఈ నీరు త్రాగిన పిల్లల పళ్ళ మీద సుద్దవంటి గీతలు, గోధుమరంగు మరకలు పడతాయి. ఇవి పాచి కావు, తోమితే పోవు, క్లిప్పులు పెట్టినా పోవు. మరకలు ముదిరిన పంటి మీద జిగురు సరిగా పట్టక బ్రాకెట్లు మాటిమాటికి ఊడవచ్చును. ఊడితే ఏమవుతుంది? మళ్ళీ ప్రయాణము, మళ్ళీ అతికించడం, రెండేళ్ళలో కావలసిన పని మరికొన్నాళ్ళు సాగడం. ఎన్నాళ్ళు సాగితే అన్నాళ్ళు చిగుళ్ళకు పరీక్ష. అందుచేత మరకలున్న పిల్లలైతే మొదటిరోజే డాక్టరుతో ఆ మాట మాట్లాడుకోండి.

దీన్ని విని, ఫ్లోరైడు పేస్టు వద్దనుకొంటారేమో, అది పొరపాటు. పళ్ళు మొలిచి క్లిప్పుల వయసుకు వచ్చిన పిల్లలకు ఆ పేస్టు బ్రాకెట్ చుట్టూ మచ్చలు రాకుండా కాపాడుతుంది. తోమి ఉమ్మాలి, మింగకూడదు. నీళ్ళు కాచితే ఫ్లోరైడు పోతుందని కొందరనుకొంటారు. పోదు. కాచడం క్రిములకు మందు, ఫ్లోరైడుకు కాదు.

ఇప్పుడు పని ఎలా చెయ్యాలో చెబుతాను. వేపపుల్ల, కానుగపుల్ల, పళ్ళపొడి వీటితో మన పెద్దలు పళ్ళు కాపాడుకొన్న మాట నిజము. అయితే వారి నోట్లో తీగ లేదు. పుల్ల తీగ క్రిందికి దూరదు, వేలు బ్రాకెట్ చుట్టూ తిరగదు. బొగ్గు, ఉప్పురాళ్ళు, ఇటుకపొడి అసలే కూడదు. మెత్తని బ్రష్ తీసుకొని, చిగురు అంచుకు కొంచెం ఏటవాలుగా పెట్టి, ముందు బ్రాకెట్‌కు పైన, తరువాత క్రింద, తరువాత తీగ మీద, ఇలా పన్ను పన్నుకూ తిప్పాలి. సీసా కడిగే బ్రష్ వంటి చిన్నారి బ్రష్‌లు మందుల షాపుల్లో దొరుకుతాయి. వాటిని తీగ క్రిందుగా పంటికీ పంటికీ నడుమ దూర్చి ఆడించాలి. అంతా కలిసి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ప్రొద్దున ఒకసారి, తిన్న తరువాత వీలైనప్పుడల్లా, రాత్రి పడుకొనే ముందు తప్పనిసరిగా. ఒక్కటే కుదురుతుందంటే రాత్రిదే ఉంచుకోండి, నిద్రలో లాలాజలము తగ్గిపోయి సూక్ష్మజీవులకు పండుగ అవుతుంది గనుక. గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో అరచెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే వాచిన చిగురుకు హాయి. అయితే అది తోమడానికి బదులు కాదు. క్లోర్‌హెక్సిడిన్ అనే పుక్కిలి మందు డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. ఎక్కువ రోజులైతే పళ్ళకు గోధుమరంగు మరక పడుతుంది, రుచి తెలియకుండా పోతుంది.

తిండి సంగతి. మన రాగి సంగటి క్లిప్పులకు శత్రువు కాదు, మెత్తనిదే. అంటుకొంటుంది, కనుక తరువాత నీళ్ళు గట్టిగా పుక్కిలించాలి. సంక్రాంతికి ఇక్కడ నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి, శెనక్కాయలు కలిపి పంచుకొంటాము, చెరుకు గడలూ వస్తాయి. చెరుకు పళ్ళతో చీలిస్తే బ్రాకెట్ ఊడడం ఖాయము. పిల్ల మనసు చిన్నబుచ్చక రసం తీసి ఇవ్వండి. శ్రీనివాసపురం మామిడి వచ్చిన రోజుల్లో టెంక చీకనివ్వక ముక్కలు కోసి పెట్టండి. పీచు తీగలో చిక్కితే ఇల్లంతా నిద్రపోదు.

తెల్లవారుజామున మారికుప్పంలోనో, ఊరిగాంలోనో రైలెక్కి, బంగారుపేట మీదుగా బెంగళూరు ఉద్యోగాలకు పోయే యువకులకు ఒక మాట. ప్రొద్దున టీ, బిస్కెట్లు రైల్లో, మధ్యాహ్నం భోజనం ఆఫీసులో, రాత్రి ఇల్లు చేరేసరికి ఒళ్ళు అలసి పడక. ఇలా అయితే రోజంతా తీగ కింద బిస్కెట్టు పిండి నానుతూనే ఉంటుంది. సంచిలో ఒక చిన్న బ్రష్ పెట్టుకోండి. భోజనం కాగానే రెండు నిమిషాలు చాలు. అది కూడా కుదరని రోజున నీళ్ళతో బాగా పుక్కిలించండి. మీకు క్లిప్పులు పెట్టినచోటు బెంగళూరైనా, గార తీయించుకోవడం వంటి చిన్న పనులకు ఇంత దూరము పోనక్కరలేదు. బి.ఇ.ఎం.ఎల్. నగర్‌లో కె.జి.ఎఫ్. దంతవైద్య కళాశాల ఉన్నది. మరొక మాట: చిగుళ్ళు బాగులేకుండా క్లిప్పులు పెట్టించుకోవద్దు. ముందు గార తీయించి, నెత్తురు ఆగిన తరువాతనే తీగ.

తీసి పెట్టుకొనే ప్లేటు ఉన్న పిల్లలూ, కట్టుడు పళ్ళున్న మన తాతలూ, అవ్వలూ ఈ విషయంలో ఒకే బడి పిల్లలు. ప్లేటు చేసే అక్రిలిక్ పదార్థము మీద ఈస్టు బాగా అంటుకొంటుంది. రోజూ చల్లని నీళ్ళతో, కొంచెం సబ్బుతో, బ్రష్ పెట్టి లోపలా బయటా తోమాలి. వేడినీళ్ళలో వేస్తే ఆకారము చెడుతుంది. నోట్లో లేనప్పుడు నీళ్ళున్న డబ్బాలో ఉంచాలి. కట్టుడు పళ్ళు రాత్రిపూట తీసివేయాలి. తీయకుండా పడుకొనే పెద్దల అంగిట్లో, ప్లేటు క్రింద, ఎర్రగా పుండువలె కనిపించేది చాలాసార్లు ఈ ఈస్టు పనే. పిల్లల ప్లేటు మాత్రము డాక్టరు చెప్పినన్ని గంటలు పెట్టుకోవలసిందే. తియ్యమన్నారని తీసి అలమరలో పెడితే పళ్ళు మళ్ళీ పాత చోటికి నడుస్తాయి.

చివరికి చెప్పవలసిన మాట ఒక్కటే. నెలకొకసారి తీగ బిగించేది డాక్టరు. మిగిలిన 29 రోజులు ఆ నోటిని కాచేది ఇల్లు. వాయిదాల మీద కట్టే రూపాయలకు పూర్తి ఫలితము రావాలంటే, రాత్రి దీపమార్పే ముందు ఇంట్లో ఒక పెద్దవారు, "ఏదీ, నోరు తెరువు" అని అడగాలి. తల్లికి తీరిక లేకపోతే తండ్రి అడగవచ్చును, అవ్వ అడగవచ్చును. "నోరు మంచిదైతే ఊరు మంచిదౌతుంది" అని మనవాళ్ళన్నది మాటతీరు గురించే అయినా, తీగ కట్టిన నోటికీ ఆ సామెత చక్కగా అతుకుతుంది.